టైలరమ్మ ఎవరి చేతి మీద లేస్తుంది?

పోయిన వారం మనం ఆగింది వార్డు నడిమధ్యన, డాక్టరు ఎదురుగా, నా పరువు గంగలో కలుస్తున్న చోట.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నేను ఫిజియోథెరపిస్టుని. జీతం లేని సెలవు పెట్టి, దేశం కాని దేశంలో ఈ కేంద్రానికి స్వచ్ఛందంగా పని చెయ్యడానికి వచ్చాను. పక్షవాతం వచ్చినవాళ్ళని మళ్ళీ లేపి నిలబెట్టే చోటిది. నాకు అప్పగించిన పేషెంటు టైలరమ్మ. ఆవిడకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. తోడుగా వాళ్ళక్క వచ్చి వార్డులోనే ఉంటోంది. ఇక్కడ ఒక వింత నియమం ఉంది. నాలాంటి వాలంటీర్లు పేషెంటు ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. చేతులు వెనక్కి పెట్టుకుని, ఇంటివాళ్ళకి నోటితో నేర్పాలి. లేపేది, పట్టుకునేది అంతా ఇంటివాళ్ళే. ఈత వచ్చినవాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, మునిగేవాడికి సలహాలు చెప్పమన్నట్టుంది నా పరిస్థితి. నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం వార్డంతా కునుకు తీసే వేళ, అక్క పెరట్లో బట్టలు ఉతుక్కుంటున్నప్పుడు, నేనే టైలరమ్మని లేపడం మొదలుపెట్టాను. నా చేతి మీద ఆవిడ బంగారంలా లేచింది.

డాక్టరు వచ్చి, "అక్క పట్టుకుంటుంది, లేమ్మా" అన్న రోజున మాత్రం రాయిలా కూర్చుంది. అక్క పక్కన నిలబడి, లేపడానికి నడుముకి కట్టే పట్టీ పట్టుకుంటే, ఆవిడ తల అడ్డంగా ఊపి నా వైపు చూసింది. వార్డంతా నా వైపు చూసింది.

డాక్టరు మాట రెండు ముక్కలే. రేపటి రౌండుకి అక్క చేతి మీద లేవకపోతే, చక్రాల కుర్చీ ఇచ్చి ఇంటికి పంపెయ్యమన్నాడు. ఆ మంచం కోసం బయట వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. టైలరమ్మ ఇల్లు, కుట్టు మిషను రెండూ మేడ మీద ఉన్నాయి. ఇరుకు మెట్లు. అలాంటి ఇంటికి చక్రాల కుర్చీ ఇచ్చి పంపడమంటే, బతికినన్నాళ్ళూ మంచానికి కట్టిపడెయ్యడమే.

రౌండు ముగిసిందో లేదో, వార్డు బాధ్యతంతా చూసే మేట్రన్ గదికి పిలుపు వచ్చింది.

గదంటే గది కాదది, సగం స్టోరు. గోడవారన విరిగిన ఊతకర్రలు, చక్రం ఊడిన కుర్చీలు. మేట్రన్ కింద పీట మీద కూర్చుని, ఒక చక్రానికి నట్టు బిగిస్తోంది. ఆవిడ తీరిగ్గా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను కూర్చోమనలేదు.

"మధ్యాహ్నం పూట టైలరమ్మని నువ్వే లేపుతున్నావట."

"ఎవరు చెప్పారు?"

"ఆవిడే. ఆ అమ్మాయి చెయ్యి వెన్నలా ఉంటుందని పక్క మంచాల వాళ్ళందరికీ చెప్పుకుంటోంది."

చివాట్లు తినాల్సిన చోట నిలబడి కూడా, సిగ్గు లేకుండా నాకు లోపల్లోపల సంతోషం వేసింది. వెన్నలా! ఇంటి దగ్గర నా చెయ్యి గురించి ఇంత మంచి మాట ఎవరూ అనలేదు.

"మంచిదే కదా మేడం. లేస్తోంది కదా ఆవిడ!"

"నీకు లేస్తోంది."

"లేవడం వచ్చాక ఎవరికైనా లేస్తుంది."

"లేచిందా ఇందాక?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం మా ఇంటి ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. పెంచాను.

"అసలు నన్నెందుకు రమ్మన్నారు మేడం? దిష్టిబొమ్మలా వార్డులో నిలబెట్టడానికా? ఇక్కడికి రావడానికి నేను పడ్డ పాట్లు మీకు తెలుసా? జబ్బలు వాచిపోయేలా టీకాలు పొడిపించుకున్నాను. పొద్దంతా ఆసుపత్రిలో చాకిరీ చేసి, సాయంత్రం మీ భాష నేర్చుకోవడానికి ట్యూషన్‌కి పరిగెత్తాను. ఆ మాస్టారు రైలు టికెట్టు కొనడం, హోటల్లో గది అడగడం నేర్పాడు తప్ప, 'నొప్పి ఎక్కడమ్మా' అని అడగడం నేర్పలేదు. అది నేనే కిందా మీదా పడి నేర్చుకున్నాను. పెట్టెలోంచి నా బట్టలు తీసేసి మరీ దాని నిండా గ్లవ్సులు మోసుకొచ్చాను!"

"గ్లవ్సులు మా దగ్గర బీరువా నిండా ఉన్నాయి."

"చూశానులెండి."

"వచ్చేవాళ్ళందరూ అవే తెస్తారు. చక్రాలకి బేరింగులు కావాలని ఉత్తరంలో రాశాం. ఎవరూ తేలేదు." ఆవిడ నట్టు మీదనుంచి తల ఎత్తలేదు. "నీకంటే ముందు ఒకాయన వచ్చాడు. చాలా పనిమంతుడు, నీలాగే. పొద్దున్నించి సాయంత్రం దాకా తనే లేపేవాడు, తనే నడిపించేవాడు. చూడ్డానికి కన్నుల పండుగగా ఉండేది. ఆయన విమానం ఎక్కాడు. మర్నాటినుంచి ఒక్కరూ లేవలేదు. ఇంటివాళ్ళకి పట్టుకోవడం రాదు, పేషెంట్లకి ఇంటివాళ్ళ మీద నమ్మకం లేదు. ఒక ముసలాయన కొడుకు చేతుల్లోంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు పెట్టాం ఈ నియమం."

"నేనలా చెయ్యను మేడం."

"చేశావుగా."

ఇదిగో, ఇలాంటి మనిషితోనే నాకు పడదు. అరిస్తే తిరిగి అరవాలి, అదీ మర్యాద. ఈవిడ అరవదు. తీరుబడిగా నట్టు బిగిస్తూ మనిషి ఒళ్ళంతా గుచ్చి పెడుతుంది.

"నువ్వు వెళ్ళిపోతావని నేను తప్పు పట్టట్లేదమ్మా. వెళ్ళిపోయే మనిషివని గుర్తుపెట్టుకుని పని చెయ్యమంటున్నాను. సరే, అంత కష్టపడి మా భాష నేర్చుకున్నానన్నావు. ఆ అక్కతో ఏం మాట్లాడావు?"

"రోజూ మాట్లాడుతూనే ఉన్నాను."

"ఏం మాట్లాడావో చెప్పు."

గుర్తుచేసుకున్నాను. పొద్దున్నే ఒక నమస్కారం. 'మోకాలు ఇలా అడ్డం పెట్టాలి.' 'అలా కాదు.' 'అబ్బా, అలా కాదండీ.' ఆ తర్వాత ఏమన్నా ఉందేమోనని ఎంత వెతికినా ఇంకేమీ దొరకలేదు.

మేట్రన్ చక్రాన్ని వేలితో తిప్పి చూసింది. అది చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది.

"రేపు రౌండుకి ముందు నువ్వు పేషెంటువి. మంచం మీద కూర్చో. ఆ అక్క నిన్ను లేపుతుంది. ఆవిడ పట్టు ఎలా ఉందో, తేడా ఎక్కడుందో చూసి నాకు చెప్పు. అంతవరకూ నోరు మెదపకు."

సాయంత్రం వదినకి ఫోన్ చేసి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మా వదిన ఓదార్చే రకం కాదు. పైగా నా సామాను సర్దింది ఆవిడే.

"అంటే ఏంటి, నిన్ను మంచమెక్కించి వాళ్ళు నీకు సేవ చేస్తారా? భలే ఉద్యోగమే మరదలా! మీ అన్నయ్యని కూడా పంపిస్తాను, ఇక్కడెలాగూ అదే పని చేస్తున్నారు."

"వదినా, నీకు దణ్ణం పెడతాను. నేను ఏడుస్తుంటే..."

"ఏడవడానికేముంది అందులో? నువ్వు మంచిదానివే, ఒప్పుకుంటాను. కానీ నువ్వు వంటింట్లోకి వస్తే ఇంకొకళ్ళని గరిట ముట్టుకోనివ్వవు. ఇన్నేళ్ళలో నేను నీ దగ్గర ఒక్క వంట నేర్చుకున్నానా చెప్పు?"

ఫోన్ పెట్టేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, గదిలో ఉన్న గ్లవ్సుల పెట్టెని కాలితో ఒక్క తన్ను తన్నాను. పెట్టెకేమీ కాలేదు. నా బొటనవేలు వాచింది.

పొద్దున్నే వార్డుకి వెళ్ళేసరికి, టైలరమ్మ పక్కన ఖాళీ మంచం నా కోసం సిద్ధంగా ఉంది. టైలరమ్మ తన మంచం అంచున కూర్చుని ఉంది. సన్నటి మనిషి, ముఖంలో మాత్రం ఎప్పుడూ ఎవరివో కొలతలు తీస్తున్నట్టుంటుంది. నన్ను చూసి ఒక పక్క మూతితో నవ్వింది. వాళ్ళక్క నవ్వలేదు. నడుం పట్టీ తీసుకొచ్చి, ఒక్క చేత్తో నా నడుముకు బిగించడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, నా మీద చాడీలు చెప్పావా పెద్దావిడకి?" అంది, పట్టీ కొస లాగుతూ.

"లేదండీ."

"నా చెల్లెలు నీ చేతికి మరిగింది. దాన్ని చంకనేసుకుని పెంచినదాన్ని నేను. జడ వేశాను, బడికి పంపాను, దాని మొదటి గిరాకీని నేనే వెతికి తెచ్చాను. ఇప్పుడు నేను పట్టుకుంటే లేవదట. నువ్వు పట్టుకుంటే లేస్తుందట. ఎవరు చెప్పుకోవాలి నా బాధ?"

"మీరు కాస్త నేను చెప్పినట్టు పట్టుకుంటే..."

"నోరు మెదపొద్దన్నాను," అంది మేట్రన్ మంచం చివరినుంచి.

నోరు మూసుకున్నాను. పాదాలు వెనక్కి లాక్కుని, కుడి కాలు, కుడి చెయ్యి చచ్చుబడినట్టు వదిలేశాను. అక్క నా కుడి పక్కకి వచ్చి నిలబడింది. ఆ పక్కన నిలబడేవాళ్ళకి ఎడమ చెయ్యే ముఖ్యం. అది వెనకనుంచి చుట్టి వచ్చి పట్టీని పట్టుకోవాలి, మనిషి బరువంతా దాని మీదే పడుతుంది. కుడి చెయ్యి ముందునుంచి ఊరికే ఆసరాకి.

"వంగు. ముక్కు కాలివేళ్ళ మీదికి రానీ. ఇప్పుడు లే!"

నా మాటలన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పింది. విని ముచ్చటేసింది. లేచాను. చూసేవాళ్ళకి బాగానే లేచినట్టుంది. కానీ ఏదో తేడాగా ఉంది. వెనకనుంచి రావలసిన లాగుడు రాలేదు. ఎడమ చేతి వేళ్ళు పట్టీలో ఉన్నాయి, అంతే. ఆవిడ నన్ను ముందున్న కుడి చేత్తో, ఛాతీతో, పళ్ళ బిగువుతో లేపుతోంది. నాకు రెండు కాళ్ళూ ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

"ఎలా ఉంది?" అంది మేట్రన్.

"ఇంకొక్కసారి లేపమనండి."

అంతలో నర్సు ఏదో పనికి పిలిస్తే మేట్రన్ వార్డు గుమ్మం దాకా వెళ్ళింది. ఈసారి నేను నిజంగా బరువు వదిలేశాను. కుడి మోకాలు మడిచి, ఒళ్ళు వెనక్కి వాల్చాను. అక్క నోట్లోంచి "స్స్..." అని ఒక చిన్న చప్పుడు వచ్చింది. పట్టీలోంచి వేళ్ళు జారిపోయాయి. ఇద్దరం కలిసి మంచం మీద కూలబడ్డాం. ఆవిడ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"భుజమా?" అన్నాను మెల్లగా.

ఆవిడ జారిన పట్టీని కుడి చేత్తో సర్దబోయింది.

"ఎడమ చెయ్యి పైకెత్తండి."

"ఎందుకూ?"

"ఎత్తండక్కా."

మొదటిసారి అక్కా అన్నాను. అందుకే ఎత్తిందేమో. ఛాతీ దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది. అక్కడినుంచి భుజం చెవి దగ్గరికి పోయింది తప్ప, చెయ్యి పైకి పోలేదు. నేనేంటి, నా చదువేంటి! ఇన్నాళ్ళూ ఈవిడ బకెట్టూ బట్టల మూటా అన్నీ ఒక్క కుడి చేత్తోనే మోస్తుంటే, బద్ధకపు మనిషి అనుకున్నాను. పేషెంటుని చూశాను, పక్కనున్న మనిషిని మనిషిలా చూడలేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఎలా అయింది?"

"అది పడిపోయిన రోజునే," అంది ఆవిడ, గుమ్మం వైపు చూస్తూ. "స్నానాల గదిలో పడిపోయింది. తలుపు సందులోంచి ఒక్కదాన్నే లాగాను. భుజంలో ఏదో పుటుక్కుమంది. అప్పుడు దాని ప్రాణం చూసుకోనా, నా భుజం చూసుకోనా?"

"మరి ఇక్కడ చెప్పలేదా?"

"చెబితే చేర్చుకుంటారా? మీ పెద్దావిడ మొదటి రోజే అడిగింది, తోడుండే మనిషికి ఒంట్లో బాగుండాలి, నీకు బాగుందా అని. గుండ్రాయిలా ఉన్నానన్నాను. మాకింకెవరున్నారమ్మా? నాకది, దానికి నేను."

"టైలరమ్మకి తెలుసా ఇది?"

ఆవిడ చెల్లెలి వైపు చూసింది. టైలరమ్మ మమ్మల్నే చూస్తోంది.

"తెలుసు కాబట్టే లేవదు. తను లేస్తే నా భుజం పూర్తిగా పోతుందని దాని భయం. లేవే తల్లీ, ఏం కాదే అని ఎంత బతిమాలినా వినదు. నువ్వయితే పరాయిదానివి, బలంగా ఉన్నావు. నీ భుజం పోయినా దానికి బెంగ లేదు."

ఇంకేం కావాలి! వెన్నలాంటి చెయ్యి అని నిన్నటినుంచి మురిసి చచ్చాను. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆవిడ నన్ను నమ్మి లేవలేదు. నాకేమైనా ఫర్వాలేదని లేచింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం ముంచుకొచ్చింది. నా మీద, ఈ అక్కాచెల్లెళ్ళ మొండితనం మీద, భుజం పోయినవాళ్ళకి చెల్లెల్ని చూసుకునే హక్కు లేదనే ఈ నియమం మీద.

"చెప్పకమ్మా," అంది అక్క నా మణికట్టు పట్టుకుని. "నీకు పుణ్యముంటుంది. ఈ పూట గడిచిపోనీ. నేనెలాగో లేపేస్తాను."

"ఈ పూట లేపుతారు. ఇంటికెళ్ళాక ఆ మెట్ల మీద?"

ఆవిడ పట్టు వదల్లేదు.

మేట్రన్ తిరిగొచ్చింది. వెనకాలే వరండాలో డాక్టరు బూట్ల చప్పుడు.

"ఇప్పుడు చెప్పు. ఆవిడ పట్టు సరిపోతుందా?"

చెబితే ఈ మంచం పోతుంది. చెప్పకపోతే ఏదో ఒక రోజు మెట్ల మీద ఇద్దరూ పోతారు. తుంటి విరిగిన ముసలాయన గుర్తొచ్చాడు. అక్క కళ్ళల్లోకి చూడలేక, మేట్రన్ చేతుల మీది గ్రీజు మరకల్ని చూస్తూ అన్నాను.

"సరిపోదు మేడం. ఎడమ భుజం పనిచెయ్యడం లేదు. చాన్నాళ్ళయింది. వైద్యం చేస్తే బాగవుతుంది, నేను చేస్తాను. ఇద్దరినీ ఉంచండి."

అక్క నా మణికట్టు వదిలేసింది. తిట్టి ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి, రెండు మంచాల మధ్య నుంచి చెల్లెలి కుడి పక్కకి చేరి నిలబడింది, ఎవరైనా వచ్చి దాన్ని ఎత్తుకుపోతారేమో అన్నట్టు.

మేట్రన్ ముఖం వాడిపోయింది. ఆవిడకి కూడా ముఖం వాడుతుందని నాకప్పుడే తెలిసింది. "మొదటి రోజే అడిగాను కదమ్మా నిన్ను," అంది అక్కతో. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా? దూరపు చుట్టాలైనా సరే."

"ఎవరూ లేరండీ."

డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. విషయం మేట్రన్ రెండు మాటల్లో చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, పని మీద పని నెత్తిన ఉన్నవాడు. "అయితే ఇంక చేసేదేముంది? కుర్చీ తెప్పించండి," అన్నాడు.

"ఒక్క మాట వినండి సార్..." అంటూ నేను మంచం దిగబోయాను. నడుం పట్టీ మంచం కమ్మీకి చిక్కుకుంది. లాగాను, రాలేదు.

అప్పుడు టైలరమ్మ మాట్లాడింది. జబ్బు చేసినప్పటినుంచి ఆవిడ మాట ముద్దముద్దగా వస్తుంది. ఈ మాట మాత్రం వార్డు ఆ చివరిదాకా వినబడింది.

"మా అక్క అక్కర్లేదు. ఎవరూ అక్కర్లేదు. చూడండి."

ఎడమ చెయ్యి పరుపు మీద నొక్కింది. పాదాలు వెనక్కి లాక్కుంది, కుడి పాదాన్ని ఎడమ పాదంతో నెట్టుకుంటూ. ముందుకు వంగింది. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చింది. టైలరమ్మ లేచింది. ఎవరి చెయ్యీ లేకుండా, తన కాళ్ళ మీద తను నిటారుగా నిలబడింది. ముఖమంతా చెమట. అక్క వైపు తిరిగి, చూశావా అన్నట్టు ఒక పక్కకి నవ్వింది.

తిరగకుండా ఉంటే బాగుండేది. ఆ కాస్త మలుపుకే బరువు కుడి కాలి మీదికి పోయింది. మోకాలు వణికింది. డాక్టరు గుమ్మంలో ఉన్నాడు, మేట్రన్ మంచం చివర ఉంది, నేను పట్టీకి చిక్కుకుని ఉన్నాను. మోకాలు ముడుచుకుపోయింది.

"పట్టుకోవద్దక్కా!" అని అరిచాను.

చెల్లెలు పడిపోతుంటే ఏ అక్క ఆగుతుంది? ఆవిడ ఆ ఎడమ చెయ్యే ముందుకు చాచింది.